అన్న ఎడమ చెయ్యి, నా గేమ్‌ప్యాడ్

మా అన్నకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయినప్పుడు, కర్నూలులో చూడవచ్చిన చుట్టాలందరూ ఒకటే మాట అన్నారు. "ఎడమే కదమ్మా, కుడి చెయ్యి బాగుండాది, దేవుడు మేలు చేసినాడు." ఆ మాట విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. మా అన్న చేసేది మోటార్ వైండింగ్. బోరు మోటార్లు కాలిపోతే విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి ఇస్తాడు. చుట్టే మిషన్ పిడిని తిప్పేది కుడి చెయ్యి. దాన్ని ఎవరైనా తిప్పుతారు. తీగ ఎంత బిగువుగా పోతోందో వేళ్ల మధ్య పట్టి చూసుకుంటూ, చుట్టు పక్కన చుట్టు కుదురుగా పడేలా నడిపించేది ఎడమ చెయ్యి. అన్న నేర్చిన పనంతా ఆ చేతి బొటనవేలిలో, చూపుడువేలిలో ఉంది. ఆ రెండు వేళ్లూ రాకపోతే అంగడి లేదు. ఈ సంగతి నాకు తెలుసు, వదినకు తెలుసు, మా ఇద్దరికంటే బాగా అన్నకు తెలుసు.

ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాక ఫిజియోథెరపీ అమ్మాయి వారానికి మూడు రోజులు వచ్చి చెయ్యి, కాలు ఆడించి పోయేది. మొదటి నెలలే ముఖ్యం, వేళ్లు కదిలించే పని ఏదో ఒకటి రోజూ చేయించండి, ఆయనకు ఇష్టమైన పనైతే మరీ మంచిది అని చెప్పింది. పిసకడానికి ఒక మెత్తటి రబ్బరు బంతి ఇచ్చింది. మూడో రోజు అన్న దాన్ని కుడి చేత్తో తీసుకుని కిటికీలోంచి వీధిలోకి విసిరేశాడు.

"నేనేమన్నా పసిపిల్లోన్నా?" అన్నాడు. ఆ అమ్మాయి ముందే అన్నాడు. వదిన సిగ్గుతో లోపలికి పోయింది.

అప్పుడు వచ్చింది నాకు ఆలోచన. రాకుండా ఉంటే బాగుండేది.

చిన్నప్పుడు మా ఇంట్లో టీవీకి తగిలించే గేమ్ పెట్టె ఒకటి ఉండేది. అన్న పదో తరగతి పాసయ్యాడని మా మామ తెచ్చిచ్చాడు. అందులో ట్యాంకుల ఆట అంటే మా ఇద్దరికీ ప్రాణం. తెర అడుగున ఇటుకల కోట ఉంటుంది. దాన్ని పగలగొట్టడానికి పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతాయి. మన ట్యాంకును ఎటు కావాలంటే అటు నడపడానికి ఎడమ బొటనవేలి కింద ప్లస్సు గుర్తులాంటి మీట, గుండు పేల్చడానికి కుడి బొటనవేలి కింద బటన్. మొదటి ట్యాంకు ఎప్పుడూ అన్నదే, రెండోది నాది. నేను ఓడిపోయి ప్యాడు నేలకేసి కొట్టేదాన్ని, అన్న దాన్ని విప్పి బాగుచేసేవాడు. ట్యాంకు తిప్పడంలో అన్న ఎడమ బొటనవేలిని మించింది మా వీధిలో లేదు. ఇప్పుడు కదలాల్సింది సరిగ్గా ఆ వేలే కదా అనుకున్నాను. బంతి విసిరేసినవాడు ఈ ఆటను విసిరేయడు అనుకున్నాను.

ఆ పెట్టె ఎప్పుడో పోయింది. ఇప్పుడు దాని బదులు ఎమ్యులేటర్లు ఉన్నాయి. ఎమ్యులేటర్ అంటే కంప్యూటర్ లోపల కూర్చుని, ఆ పాత పెట్టెను నేనే అని నటించే ప్రోగ్రాము. నా దగ్గర ఒక ముసలి ల్యాప్‌టాప్ ఉంది. కొత్త సిస్టమ్‌లను మోయలేక మూలుగుతుంటే అందులో లినక్స్ అనే తేలికపాటి సిస్టమ్ వేసుకున్నాను. నేను కడపలో పాలిటెక్నిక్ పిల్లలకు చెప్పే పాఠమే అది. ఒక పాత ఆట ఆడించలేనా అనుకున్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. వినే పిల్లలు దొరికారు కాబట్టి నాకు అన్నీ వచ్చనే భ్రమలో ఏళ్లు గడిపేశాను.

కడప అంగట్లో పాత తరహా గేమ్‌ప్యాడ్ ఒకటి దొరికింది. వైరు ల్యాప్‌టాప్‌కు గుచ్చాను, ప్యాడుకు లైటు వెలిగింది, ట్యాంకు కదల్లేదు. లినక్స్ దాన్ని గేమ్‌ప్యాడ్ అనుకోకుండా ఇంకేదో పరికరం అనుకుంటోంది. ప్యాడు నడిమి బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే అది వేషం మార్చి గేమ్‌ప్యాడ్‌గా కనబడుతుందట. ఆ ముక్క తెలుసుకోవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. తెలిశాక, ప్యాడును ముట్టుకునే అనుమతి ఎమ్యులేటర్‌కు లేదంది. అనుమతి ఇచ్చాను. పైకి నొక్కితే ట్యాంకు కిందికి పోయింది. అది సరిచేస్తే బొమ్మ పోయి శబ్దం మాత్రం మిగిలింది. క్లాసులు అయ్యాక ఎండలో గదికి వచ్చి, నీళ్లు కూడా తాగకుండా దాని ముందు కూర్చునేదాన్ని. ఇంటర్నెట్‌లో ఒకడు సరిగ్గా నా బాధే రాసుకుని, రెండు రోజుల తర్వాత "సరిపోయింది, థాంక్స్" అని పెట్టి వెళ్లిపోయాడు. ఎట్లా సరిపోయిందో ఒక్క ముక్క రాయలేదు. ఏ దేశం వాడో గాని వాడిని నేను తిట్టినన్ని తిట్లు మా ఇంట్లో నన్ను కూడా ఎవరూ తిట్టి ఉండరు.

ప్రతి శనివారం కర్నూలు బస్సు ఎక్కేదాన్ని. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటేసరికి మధ్యాహ్నం అయ్యేది. గడప తొక్కగానే వదిన అడిగేది.

"అయిందా పాపా?"

"ఇంకొంచెం ఉంది వదినా."

ఆ 'ఇంకొంచెం' ఐదు వారాలు సాగింది. ఆ అమ్మాయి ముఖ్యమని చెప్పిన నెలల్లో ఒకటి అట్లా నా సెట్టింగుల్లో కరిగిపోయింది. చెయ్యి ఒళ్లో పెట్టిన చోటే ఉండేది. వదిన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. అన్న గోడకేసి చూస్తూ ఉండేవాడు. అంగడి షట్టరు ఎత్తినవాళ్లు లేరు.

ఆరో వారం కడపలో, నా టేబుల్ మీద, ట్యాంకు చెప్పినట్టు విన్నది. కుడికి, ఎడమకి, గుండుతో సహా. నేను లేచి ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

శనివారం కర్నూలులో అన్నను మంచం మీద గోడకు ఆనించి కూర్చోబెట్టాం. తొడల మీద దిండు వేసి, దాని మీద ల్యాప్‌టాప్ పెట్టి ఆన్ చేశాను. తర్వాత గేమ్‌ప్యాడ్ వైరు గుచ్చి, ప్యాడును ల్యాప్‌టాప్ అంచుకు ఆనించాను. వదిన అన్న ఎడమ వేళ్లను ఒక్కొక్కటే ప్యాడు చుట్టూ పెట్టి, బొటనవేలిని మీట మీద ఉంచింది. ఆట మొదలైంది.

"నొక్కన్నా" అన్నాను.

అన్న పళ్లు బిగించాడు. మెడ నరాలు తేలాయి. మనిషంతా ఎడమకు ఒరిగాడు. ట్యాంకు కదిలింది. మెల్లగా, ఎడమకు, గోడ దాకా పోయి ఆగింది.

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంగోసారి" అంది. అన్న మళ్లీ కూడగట్టుకున్నాడు. ట్యాంకు మళ్లీ కదిలింది. గుండు మాత్రం పేలలేదు. అన్న కుడి బొటనవేలితో టకటకా కొడుతున్నాడు, చప్పుడు కూడా వినబడుతోంది, తెర మీద ఏమీ లేదు. "అదేదో సెట్టింగు, వచ్చే వారం చూస్తాలే, ముఖ్యమైంది కదిలింది కదా" అన్నాను. పడిపోయిన చెయ్యి పనిచేస్తూ, బాగున్న చెయ్యి పనిచేయకపోవడం ఏమిటని పాఠాలు చెప్పే నాకు తోచలేదు. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు, నేనూ నమ్మేశాను. నమ్మాలని అంత ఆశగా ఉంది.

ఆ సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి మంచం చుట్టూ నిలబడి ట్యాంకు నడవడం చూశారు. వాళ్లు పోయాక వదిన ఉప్పు, మిరపకాయలు తెచ్చి అన్నకు దిష్టి తీసింది. పిడికిలి తెరవకుండా ల్యాప్‌టాప్‌కు కూడా మూడుసార్లు తిప్పింది. మూత మీద కుంకుమ బొట్టు పెట్టింది. మంచం కదిలించొద్దు, దిండు మార్చొద్దు, ల్యాప్‌టాప్ ఆపొద్దు, అన్నీ ఎట్లున్నాయో అట్లనే ఉండల్ల అని అందరికీ చెప్పింది. మాయన చెయ్యి కదిలితే మంత్రాలయం వచ్చి నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తానని ఆమె ఆస్పత్రిలోనే మొక్కుకుందట.

"మొక్కు చెల్లించేది ఆలస్యం చేయగూడదు పాపా. ఇచ్చినాయన మళ్లా తీస్కుంటాడు" అంది నాతో. మంత్రాలయం స్వామికి గురువారం విశేషం. వచ్చే గురువారమే పోతానంది. ఆదివారం ల్యాప్‌టాప్‌ను అక్కడే వదిలి కడపకు పోయిన నేను, అన్న దగ్గర ఉండడానికి సెలవు పెట్టి బుధవారమే దిగాను.

గురువారం మొదటి బస్సుకు వదిన పక్కింటి ఆమెతో కలిసి వెళ్లింది. అన్నకు ఉగ్గాని పెట్టి, ఆయన తిన్నాక, ఇంత ఖాళీ ఎప్పుడు దొరుకుతుందని గుండు బటన్ సంగతి చూడబోయాను. ఆట ఆన్‌లోనే ఉంది. ప్యాడు వైరు అడ్డంగా ఉందని పీకేసి, ల్యాప్‌టాప్‌ను చేతుల్లోకి ఎత్తుకుని టేబుల్ వైపు నడిచాను.

నా చేతుల్లో ట్యాంకు పరుగెత్తుతోంది.

ఆగాను. ట్యాంకూ ఆగింది. ల్యాప్‌టాప్‌ను ఎడమకు వంచాను. ట్యాంకు ఎడమకు పోయింది. ప్యాడు వెనక మంచం మీద ఉంది.

టేబుల్ మీద పెట్టి, ప్యాడు తెచ్చి మళ్లీ గుచ్చి, లినక్స్ గుర్తుపట్టిన ప్యాడుల వరస తెరిచాను. రెండు పేర్లున్నాయి. రెండోది మాది. మొదటిది ఈ ముసలి ల్యాప్‌టాప్ లోపలి చిన్న సెన్సర్. మిషన్ కింద పడబోతే పసిగట్టి డిస్కును కాపాడడానికి పెట్టింది. వంపు, కుదుపు అన్నీ దానికి తెలుస్తాయి. లినక్స్ దాన్ని కూడా ఆడుకునే ప్యాడే అనుకుంది. కడపలో ప్యాడు గుచ్చి ఉంచి ల్యాప్‌టాప్ ఆన్ చేసేదాన్ని కాబట్టి మొదటి స్థానం ప్యాడుకు దొరికింది. ఇక్కడ ఆన్ చేశాక గుచ్చాను. ఈలోపు సెన్సర్ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు మొదటి సీటు పట్టేసింది. మన ట్యాంకు మొదటి సీటులో ఉన్నదాని మాటే వింటుంది, అందుకే ప్యాడు గుండు బటన్ పలకలేదు. ఇన్నాళ్లూ ట్యాంకును నడిపింది అన్న వేలు కాదు. నొక్కబోయి ఆయన ఒరిగినప్పుడు తొడల మీద ఒరిగిన ల్యాప్‌టాప్.

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది, నా మీద. అన్నకు వీపు చూపిస్తూ నిలబడి, ఏం అబద్ధం చెప్పాలా అని వెతుక్కుంటున్నాను.

"తెల్సిందా?" అన్నాడు అన్న వెనకనుంచి.

తిరిగి చూశాను.

"నాకు ఆదివారమే తెల్సు మ్మా. మీ వదిన నీళ్లకు పోయింటే, కుడి చేత్తో వైరు పీకి చూసినా. ట్యాంకు నడుస్తానే ఉండాది. లైను లేకుండా తిరిగే మోటారు నేనింతవరకు చూడల్యా."

"మరి చెప్పలేదేం? నాకు ఫోన్ చేసుంటే ఏం పోయేది?" గట్టిగా అరిచాను. అన్న మీద కాదు అరవాల్సింది, అయినా అరిచాను.

"ఎట్ల చెప్పేది? ఆ పొద్దు మీ వదిన కడుపునిండా అన్నం తినింది. ఆయమ్మ అట్ల తిని రెండు నెల్లయింది."

అప్పుడు వచ్చింది ఏడుపు. అన్న ముందు కూర్చుని ఎక్కిళ్లు పెట్టి ఏడ్చాను. ఆయన కుడి చేత్తో నా తల మీద తట్టాడు, "ఊరుకో, ఊరుకో" అంటూ.

ముఖం కడుక్కుని వచ్చి సెన్సర్‌ను తీసేశాను. మొదటి స్థానం ప్యాడుకు ఇచ్చాను. ల్యాప్‌టాప్‌ను తొడల మీద కాకుండా ఎదురుగా స్టూలు మీద పెట్టాను. ఐదు వారాలుగా నేను కోరుకున్నట్టు అన్నీ సరిగ్గా ఉన్నాయి. "ఇప్పుడు ఆడు" అన్నాను. ఒకవేళ ఈ ఐదు రోజుల ప్రయాసకు వేలు నిజంగానే లేచిందేమో. ఎవరికి తెలుసు. ఆ ఒకవేళ కోసమే అన్నాను.

కుడి బొటనవేలు నొక్కగానే గుండు పేలింది. చిన్నప్పటి చప్పుడే. అన్న ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. తర్వాత ఎడమ వైపుకు పూనుకున్నాడు. ఒరిగాడు.

"వాలొద్దన్నా, వేలితో నొక్కు."

"వేలితోనే నొక్కుతాండా మ్మా."

ట్యాంకు పుట్టిన చోటే నిలబడి ఉంది. దాని ముఖం పైకి ఉంది కాబట్టి పైకే కాల్చింది. అన్న కాలుస్తూనే ఉన్నాడు. శత్రువులు పక్కనుంచి దిగి, ఒక్కో ఇటుకా పగలగొట్టి కోటను పడగొట్టారు. మళ్లీ పెట్టాను. మళ్లీ పడిపోయింది. మూడోసారి నేను ఉండబట్టలేక ఆయన బొటనవేలి మీద నా వేలు పెట్టి నొక్కాను. ట్యాంకు ఎడమకు కదిలింది.

"నీ వేలు తియ్" అన్నాడు.

తీశాను. ట్యాంకు ఆగిపోయింది. ఇది జరిగి ఏడాది దాటింది. ఆ చెయ్యి ఇప్పటికీ అట్లాగే ఉంది. అంగడి షట్టరు మీద ఇప్పుడు వేరేవాళ్ల బోర్డు ఉంది. కాని ఆ పొద్దు ఆ సంగతులు మాకు తెలియవు. ఇంకా నెలలున్నాయి, ఆ అమ్మాయి వస్తోంది, రోజూ చేస్తే వస్తుందేమో అని నేను చెబుతూనే ఉన్నాను. అన్న వినడం లేదు.

"సాయంత్రం బస్సుకు మీ వదిన వస్తాది. ఆ పాతదే పెట్టు" అన్నాడు.

"ఏ పాతది?"

"వాల్తే నడిచేది."

నేను కాదన్నాను. వదినకు నేను చెప్తాను, నా తప్పే అని చెప్తాను అన్నాను. అన్న కుడి చేత్తో దిండును తొడల మీదికి లాక్కున్నాడు. తర్వాత, "ఇంత ఎండలో నూటెనిమిది సుట్లు తిరిగొస్తాండే మనిషికి గడపలోనే చెప్తావా?" అన్నాడు. 

కూర్చుని మళ్లీ సెన్సర్‌ను మొదటి స్థానంలో పెట్టాను. ఈసారి ఇంకొక పని కూడా చేశాను. నడిచేది సెన్సర్‌తో, పేలేది ప్యాడు కుడి బటన్‌తో జరిగేలా రెండింటినీ కలిపి ఒకే ఆటగాడికి కట్టాను. కనీసం గుండైనా అన్న చేత్తో పేలాలని నా ఆశ. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఈ కథంతటిలో నేను లినక్స్‌లో మొదటిసారికే సరిగ్గా కుదిర్చిన పని అదొక్కటే. ల్యాప్‌టాప్‌ను దిండు మీదికి చేర్చాను. అన్న రెండుమూడుసార్లు ఒరిగి చూసుకున్నాడు.

పొద్దుగూకే వేళకు వదిన వచ్చింది. కాళ్లు బొబ్బలెక్కి ఉన్నాయి. చెప్పులు విప్పి నేరుగా మంచం దగ్గరికి వచ్చి, మంత్రాక్షతలు అన్న తల మీద వేసి, కొన్ని ఆ ఎడమ చేతి మీద కూడా వేసింది. పరిమళ ప్రసాదం చిన్న ముక్క ఆయన నోట్లో పెట్టింది. ఆయన ఆట పెట్టమని నాకు సైగ చేశాడు.

ట్యాంకు ఎడమకు నడిచింది. కుడికి నడిచింది. గుండు పేలింది. ఒక శత్రువు ట్యాంకు తునకలైంది.

"గుండు పేల్తాండాది!" అంది వదిన. "ఎప్పుట్నించి?"

"ఈ పొద్దే" అన్నాడు అన్న.

వదిన మంచం అంచున కూలబడిపోయింది. ఏడుస్తోంది, నవ్వుతోంది. "నేనాడ తిరుగుతాండా, ఈడ స్వామి పేల్చినాడు. చూడు పాపా, శానా నిజం దేవుడు." ఆయన కాళ్ల దగ్గర చీరకొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత ఏదో తేల్చుకున్న మనిషిలా లేచింది.

"ఇంగ ఆ ఫిజియో పాపను రావద్దని చెప్తా. ఈయప్పకు ఆ పాపంటే ముందే పడదు. వచ్చినప్పుడల్లా నొప్పని అరుస్తాడు. స్వామే చూసుకుంటాండంగా మనకెందుకు?"

"వద్దు వదినా, ఆ అమ్మాయిని రానీ" అన్నాను. అంతవరకు అనగలిగాను.

"ఎందుకు పాపా? చెయ్యి వచ్చినాది కదా?"

నేను అన్న వైపు చూశాను. ఆయన తెర వైపు చూస్తున్నాడు. "రావద్దని చెప్పు" అన్నాడు.

వదిన ఫోను తీసి ఆ అమ్మాయి నంబరు వెతుకుతోంది. అక్షరాలు సరిగ్గా ఆనక ఫోనును నా చేతికిచ్చి, నువ్వే చెయ్యి పాపా అంది. చేశాను. ఇంక రావక్కర్లేదమ్మా, చెయ్యి కదులుతోంది అని చెప్పాను.